శిలాఫలకము లేని సేవ

గోదావరి నది ధవళేశ్వరమునకు దిగువన పాయలుగా చీలి సముద్రమును చేరును. ఆ పాయల నడుమ కొబ్బరితోటలతోను, వరిచేలతోను, అరటితోటలతోను పచ్చగా నున్న నేలయే కోనసీమ. అందు వైనతేయ పాయ ఒడ్డున పి.గన్నవరమను గ్రామము కలదు. అచట బాటసారికి ఒక వింత కనబడును. క్రింద నది ప్రవహించుచుండును. ఆ నదిపై వంతెనవలె కట్టిన తొట్టిలో కాలువ ప్రవహించుచుండును. నీటిమీద నీటిని నడపించు ఈ కట్టడమును అక్విడక్టు అందురు.

ధవళేశ్వరము ఆనకట్ట నిర్మాణము సర్ ఆర్థర్ కాటన్ దొర నాయకత్వమున 1847లో ఆరంభమై 1852లో ముగిసెను. ఆనకట్ట నీరు వైనతేయమునకు ఆవలనున్న నగరం దీవికి చేరవలెనన్నచో నదిని దాటక తప్పదు. అందులకై ఆయన క్రింద పనిచేసిన ఇంజనీర్లు 49 కమానులతో పాత అక్విడక్టును కట్టిరి. ఒకప్పుడు కరవునకు లోబడిన నేల నాటినుండి ధాన్యాగారమైనది. పాత అక్విడక్టు ప్రక్కనే 2000 సంవత్సర ప్రాంతమున క్రొత్త అక్విడక్టు వెలసినది. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి.

సీతమ్మగారు 1841లో మండపేటలో జన్మించి, లంకల గన్నవరమునకు చెందిన డొక్కా జోగన్నగారి ఇల్లాలై ఈ ప్రాంతమునకు వచ్చిరి. వంతెనలు లేని ఆ దినములలో గోదావరి పాయలను పడవలపై దాటి వచ్చువారికి పూటకూడు దొరకుట కష్టముగా నుండెడిది. వేళగాని వేళ తలుపు తట్టినవారికిని సీతమ్మగారు విసుగులేక వండి వడ్డించెడివారు. ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేక మహోత్సవమునకు ఆమెకు ఆహ్వానము వచ్చెననియు, అతిథులను విడిచి రాలేనని ఆమె వెళ్లలేదనియు కోనసీమవారు నేటికిని చెప్పుకొందురు. 1909లో ఆమె పరమపదించిరి.

గన్నవరపు అక్విడక్టువద్ద నిలుచున్నవారికి ఈ విధముగా ఇద్దరు స్మరణకు వత్తురు. ఒకరు నీరు తెచ్చినవారు. మరియొకరు అన్నము పెట్టినవారు. ప్రజలు వారిని మరువకుండుట న్యాయమే. కాని మనుష్యుడు బ్రతుకుటకు నీరును అన్నమును మాత్రమే చాలవు. కాన్పు కష్టమైన రాత్రి ప్రక్కన కూర్చుండువారు కావలెను. జ్వరముతో పొరలాడు బిడ్డ నుదుట తడిగుడ్డ వేయువారు కావలెను. పుండును కడిగి కట్టు కట్టువారు కావలెను. ఆ పనిని నేర్చుకొని, దానినే వృత్తిగా స్వీకరించి, వరదలోను వానలోను ఇల్లిల్లు తిరిగిన స్త్రీలు తెలుగునాట వేలకొలది కలరు. వారిలో ఏ ఒక్కరి పేరును ఏ వంతెనకును లేదు. వారెవరు? వారెట్లు వచ్చిరి? వారిని లోకము ఏల మరచెను?

నర్సు వృత్తికి ఆధునిక రూపమిచ్చిన వనిత ఫ్లారెన్స్ నైటింగేల్. ఆమె 1820వ సంవత్సరము మే 12వ తేదీన ఇటలీలోని ఫ్లారెన్స్ నగరమున ఆంగ్ల దంపతులకు జన్మించెను. సంపన్న గృహమున పుట్టిన కన్య రోగులకు ఉపచారము చేయుట ఆ కాలమున అగౌరవముగా నెంచబడుచుండెను. ఆసుపత్రిలో పనిచేయు స్త్రీ యనగా చదువులేనిది, దిక్కులేనిది అని లోకుల భావము. నైటింగేల్ ఆ భావమును లెక్కచేయలేదు. 1854లో క్రిమియా యుద్ధకాలమున ఆమె 38 మంది స్త్రీలతో స్కుటారి సైనిక వైద్యశాలకు చేరెను. అచట సైనికులు గాయములవలన కంటె, మురికివలనను అంటువ్యాధులవలనను ఎక్కువగా మరణించుచుండిరి. శుభ్రత, గాలి, వెలుతురు, మంచినీరు, తగిన ఆహారము, వేళకు ఉపచారము, ఇవియే రోగికి ప్రాణాధారములని ఆమె లెక్కలతో నిరూపించెను. 1860లో లండన్ నగరమున నర్సుల శిక్షణ పాఠశాలను స్థాపించెను.

ఆమె ఎన్నడును భారతదేశమునకు రాలేదు. అయినను ఈ దేశపు ఆరోగ్యమును గూర్చి నలువది ఏండ్లకు పైగా పరిశ్రమించెను. భారతదేశమున సైన్యపు ఆరోగ్యస్థితిని విచారించిన సంఘము 1863లో ప్రకటించిన నివేదిక వెనుక ఆమె కృషి యెంతయో కలదు. కాటన్ దొరకును ఆమెకును ఉత్తర ప్రత్యుత్తరములు జరిగినవి. పంటకాలువలు త్రవ్వుటయే కరవునకు మందు అని వాదించిన కాటనును ఆమె గట్టిగా సమర్థించెను. నీరు లేక పంట లేదు. పంట లేక బలము లేదు. బలము లేనివాడు రోగమునకు మొదట లోబడును. ఇది ఆమె తర్కము. కావున గన్నవరమున నదిని దాటు కాలువకును, రోగి ప్రక్కన నిలుచు నర్సునకును గల చుట్టరికము నేటిది కాదు.

అయితే ఆ యుద్ధకాలముననే సేవచేసిన మేరీ సీకోల్ అను స్త్రీ సంగతి వేరు. ఆమె జమైకా ద్వీపవాసిని. నల్లజాతి తల్లికి పుట్టినది. ప్రభుత్వము పంపు నర్సులలో తన్ను చేర్చుకొనకపోగా, ఆమె సొంత ఖర్చుతో క్రిమియాకు పోయి సైనికులకు ఆహారమును ఔషధమును ఇచ్చెను. ఆమె 1881లో మరణించిన తరువాత సుమారు నూరేండ్లు లోకమామెను మరచెను. లండన్ నగరమున ఆమెకు విగ్రహము వెలసినది 2016లో మాత్రమే. సేవ ఒక్కటే అయినను, కీర్తి అందరికిని ఒక్కతీరుగా దక్కదనుటకు ఇది నిదర్శనము.

నాడు గోదావరి మండలము మద్రాసు రాజధానిలో చేరియుండెను. మద్రాసు నగరమున 1854లో మంత్రసానులకు శిక్షణ పాఠశాల మంజూరైనది. 1871లో అచటి జనరల్ ఆసుపత్రిలో నర్సులకు శిక్షణ ఇచ్చు ఏర్పాటు మొదలైనది. కాని ఆ వెలుగు తెలుగు పల్లెలకు వెంటనే సోకలేదు. గోదావరి లంకలలోని స్త్రీకి ఆసుపత్రి యనగా కాశీ రామేశ్వరములంత దూరము. పురుష వైద్యునిచే నాడి చూపించుకొనుటకే అనేక కుటుంబముల స్త్రీలు అంగీకరించెడివారు కారు. ఇక కాన్పు మాట చెప్పనేల?

ఆ దినములలో పల్లెకు దిక్కు మంత్రసానియే. ఆమె పేద ఇంటి స్త్రీ. తల్లి చేతనో అత్త చేతనో పనిని నేర్చుకొన్నది. అనుభవముచే బిడ్డ అడ్డముగా నున్నదో, సరిగా నున్నదో చేతితో తాకి చెప్పగలిగెడిది. నొప్పులు పడుచున్న తల్లికి ధైర్యము చెప్పెడిది. గిద్దెడు బియ్యము, పాత చీర, కొలదిపాటి డబ్బు ఆమెకు ప్రతిఫలము. ఆమె చేతులలో ఎన్నియో తరములు భూమిమీద పడినవి. అయినను పురుడు పోసిన మరునాటినుండి ఆమెను ముట్టరానిదానివలె చూచెడి ఇండ్లును ఉండెను.

ఆమెకు నేర్పు కలదు. కాని కంటికి కనబడని శత్రువును గూర్చి ఆమెకు చెప్పినవారు లేరు. బొడ్డు కోసిన కొడవలికిగాని కత్తికిగాని పట్టిన మురికిలో ధనుర్వాత క్రిములు దాగియుండును. కోసిన బొడ్డుపై పేడయో బూడిదయో అద్దుట కొన్నిచోట్ల ఆచారము. మూడవనాడో నాలుగవనాడో బిడ్డ చన్ను పట్టుట మానును. దవడలు బిగుసుకొనును. ఒడలు విల్లువలె వంగును. వారము పది దినములలో పొత్తిలి ఖాళీ యగును. గాలి సోకినదనియు, దిష్టి తగిలినదనియు ఇంటివారు దుఃఖించెడివారు. కాచిన నీటిలో మరగించిన కత్తెర యొక్కటి ఉన్నచో ఆ బిడ్డ బ్రతికియుండెడిదని వారికి తెలియదు. ఆ చిన్న విషయమును తెలిసికొని, ఇల్లిల్లు తెలియజెప్పిన స్త్రీలే మన నర్సులు.

తెలుగునాట ఈ మార్పునకు తొలి కేంద్రములలో ఒకటి గుంటూరు. 1883లో అమెరికానుండి అన్నా సారా కుగ్లర్ అను వైద్యురాలు అచటికి వచ్చెను. ఆమెను పంపిన లూథరన్ మిషను మొదట వైద్యపు పనికి సిద్ధముగా లేదు. స్త్రీలకు చదువు చెప్పుటకని వచ్చిన కుగ్లర్, రోగుల అవస్థ చూచి ఔషధములిచ్చుట మొదలుపెట్టెను. క్రమముగా ఆమె పనికి ఆమోదము లభించెను. 1898లో గుంటూరున స్త్రీలకును పిల్లలకును ఆసుపత్రి తెరువబడెను. తన రాణికి జరిగిన చికిత్సకు కృతజ్ఞుడై ఏలూరు రాజా మంత్రిప్రగడ భుజంగరావుగారు రోగుల బంధువులు బసచేయుటకు అచట సత్రము కట్టించిరి. కుగ్లర్ 1930లో గుంటూరుననే కన్నుమూసెను. ఆమె పేరు ఆ ఆసుపత్రికి నిలిచియున్నది.

ఆ ఆసుపత్రి కథలో మరియొక పేరు కలదు. 1890ల దశకమున అమెరికానుండి వచ్చి కుగ్లరుతో కలసి పనిచేసిన నర్సు కేథరిన్ ఫాస్. వైద్యురాలు ఒక దినమున అనేకులను చూచి మందు వ్రాయగలదు. కాని ఆ మందును వేళకు త్రాగించుటయు, గాయమును కడుగుటయు, పక్క మార్చుటయు, రాత్రి మేలుకొని ఊపిరిని కనిపెట్టుటయు వేరొకరి పని. ఆ పనిని తానొక్కతె ఎంతకాలము చేయగలదు? అందుచే ఇచటి బాలికలకు నర్సు విద్యను నేర్పు పాఠశాల ఆసుపత్రితోపాటు వృద్ధిపొందెను. నేడు కుగ్లర్ పేరు ఎరిగినవారు అనేకులు. ఫాస్ పేరు ఎరిగినవారు బహు కొలదిమంది. ఫాస్ వద్ద చదివిన తెలుగు బాలికల పేర్లు ఎరిగినవారు మరియు అరుదు.

ఆ బాలికలు ఎట్టివారు? పెక్కురు పేద క్రైస్తవ కుటుంబములనుండి వచ్చినవారు. అంటరానివారని ఊరు వెలివేసిన వాడలలో పుట్టినవారును వారిలో ఉండిరి. భర్తను కోల్పోయినవారును, ఇంటివారి ఆదరణ లేనివారును వారితో చేరిరి. మిగిలిన కుటుంబములవారు ఆడపిల్లలను ఈ చదువునకు పంపుటకు జంకెడివారు. పరాయి ఒంటిని తాకవలెను. రక్తమును మలమును ఎత్తవలెను. రాత్రులు ఇల్లు విడిచి యుండవలెను. ఇట్టి పని కులస్త్రీకి తగదని లోకమనెడిది. ఆ మాటలు వినుచునే వారు జ్వరమానిని చదువ నేర్చిరి. గుడ్డలను మరగించ నేర్చిరి. నాడిని లెక్కించి పలకపైన, పిమ్మట కాగితముపైన వ్రాయ నేర్చిరి. తమ్ము వాకిట నిలుపని ఇండ్ల స్త్రీలకు కాన్పు వేళ ప్రాణదానము చేసిరి.

గుంటూరు తరువాత ఇతర పట్టణములలోను ఇట్టి ఆసుపత్రులు వెలసెను. రాజమహేంద్రవరమున లూథరన్ మిషనువారు స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రిని స్థాపించిరి. పిఠాపురమున కెనడా బాప్టిస్టు మిషనువారి ఆసుపత్రి నడచెను. విశాఖపట్టణమున 1923లో వైద్య కళాశాల ఏర్పడెను. ఆసుపత్రి ఎచట వెలసినను, దాని గోడలకంటె ముందు కావలసినది నర్సుల చేతులు.

ఈలోగా నర్సులు ఒక సమాజముగా ఏర్పడసాగిరి. 1908లో భారత శిక్షిత నర్సుల సంఘము పుట్టెను. 1926లో మద్రాసు రాజధానిలో నర్సుల, మంత్రసానుల చట్టము వచ్చెను. ఈ చట్టము ననుసరించి శిక్షణ పొంది పరీక్షలో ఉత్తీర్ణులైన వారి పేర్లను ప్రభుత్వ రిజిస్టరులో వ్రాయవలెను. ఇది చిన్న విషయముగా తోచవచ్చును. కాని అంతవరకు లోకము పనికత్తెగా నెంచిన స్త్రీ, ఆ నాటినుండి విద్యగల ఉద్యోగిగా గుర్తింపబడెను. శిలపైన కాకున్నను, ఒక పుస్తకమునందైనను ఆమె పేరు వ్రాయబడెను.

అయినను అవసరము సముద్రమంత, నర్సులు గుప్పెడంత. స్వాతంత్ర్యమునకు ముందు దేశారోగ్యమును పరిశీలించుటకు సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఒక సంఘము నియమింపబడి, 1946లో నివేదిక సమర్పించెను. బ్రిటిషిండియా మొత్తమున నర్సులు సుమారు 7,000 మంది మాత్రమే యని ఆ సంఘము తేల్చెను. అనగా 43,000 మంది ప్రజలకు ఒక్క నర్సు. శిక్షణ పొందిన మంత్రసానులు సుమారు 5,000 మంది. 60,000 మందికి ఒకతె. ఆ కాలముననే ఇంగ్లాండులో 300 మందికి ఒక నర్సు ఉండెను. గన్నవరమువంటి గ్రామములను అనేకములను కలిపినగాని ఒక్క నర్సు వాటాకు రాదన్నమాట. ఆ కొలదిమందియు పట్టణపు ఆసుపత్రులలోనే ఉండిరి. పల్లెకు మిగిలినది శూన్యమే.

ఈ కొరతను తీర్చుటకు పాటుపడిన తెలుగు వనితలలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ముఖ్యురాలు. ఆమె 1909లో రాజమహేంద్రవరమున పుట్టెను. స్వాతంత్ర్యోద్యమమున చెరసాలకు వెళ్లెను. 1937లో మద్రాసున ఆంధ్ర మహిళా సభను స్థాపించెను. ఆ సభ ఆసుపత్రిని నడపి, నర్సులకు మంత్రసానులకు శిక్షణ నిచ్చెను. 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ఆమె తొలి అధ్యక్షురాలు. నర్సు కావలెనన్నచో కొంత చదువు ఉండవలెను. పల్లెపడుచులకు ఆ చదువు మధ్యలోనే ఆగిపోవుచుండెను. అందులకై ఆ మండలి స్వల్పకాలపు తరగతులను ఏర్పరచి, బడి మానిన స్త్రీలను పరీక్షలకు సిద్ధముచేసెను. ఆ తరగతులలో చదివి నర్సులుగా, గ్రామసేవికలుగా, ఉపాధ్యాయినులుగా స్థిరపడిన స్త్రీలు అనేకులు.

1952వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ప్రారంభమయ్యెను. దాని వెంట పల్లెలలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు, వానికి ఉపకేంద్రములు వెలసెను. ఉపకేంద్రమున ఉండి ఊరూర తిరుగుటకు ఒక క్రొత్త ఉద్యోగిని కావలసివచ్చెను. ఆమెయే సహాయక నర్సు మిడ్‌వైఫ్, సంక్షిప్తముగా ఏ.ఎన్.ఎం. ప్రజలు ఆ అక్షరములను పలుకలేదు. వారామెను 'నర్సమ్మ' అని పిలిచిరి.

కోనసీమలో నర్సమ్మ పని ఎట్టిదో ఊహింపవలెనన్నచో ఆ నేల స్వరూపము ఎరుగవలెను. పి.గన్నవరము చెంత ఊడిమూడిలంక, బూరుగులంక మొదలగు లంకగ్రామములు గోదావరి పాయల నడుమ నున్నవి. వేసవిలో ఇసుక తిన్నెలపై నడచి పోవచ్చును. వరద వచ్చినచో చిరకాలము వారికి పడవయే దారి. గర్భిణికి నొప్పులు పగలనక, రాత్రియనక, వరదయనక వచ్చును. నర్సమ్మ తన సంచితో రేవునకు వచ్చి పడవకై కేక వేయవలెను. ఆ సంచిలో ఏమి యుండును? మరగించిన కత్తెర, క్రొత్త బ్లేడు, శుభ్రమైన దారము, సబ్బు, దూది, బిడ్డను తూచు త్రాసు, నెత్తురు పెరుగుటకు ఇనుము మాత్రలు. వాని వెల స్వల్పము, విలువ అపారము.

కాన్పునకు పిలుపు వచ్చినదే తడవుగా తల్లులు ఆమెను నమ్మిరనుట సత్యము కాదు. తొలి దినములలో అనుమానమే ఎక్కువ. సూది వేసినచో బిడ్డ జ్వరపడునని కొందరు తలుపు మూసెడివారు. నిన్నటి పిల్ల, పెండ్లియైనను కాలేదు, దీనికి పురుడు సంగతి ఏమి తెలియునని పెద్దలు నవ్వెడివారు. తెలివిగల నర్సమ్మ ఊరి మంత్రసానితో వైరము పెట్టుకొనలేదు. ఆమెను ప్రక్కన కూర్చుండబెట్టుకొని, చేతులు కడుగుకొను విధమును, బొడ్డు కోయు విధమును చూపెను. ప్రభుత్వమును మంత్రసానులకు శిక్షణ నిచ్చెను. పాత అనుభవమును క్రొత్త విద్యయు చేతులు కలిపినచోట బిడ్డలు బ్రతికిరి.

కాన్పుతోనే ఆమె పని ముగియదు. గోదావరి మండలములలో బోదకాలు వ్యాధి చిరకాలముగా ప్రజలను పీడించెను. నిలిచిన మురికినీటిలో పెరుగు దోమలు దానిని వ్యాపింపజేయును. 1955లో ఈ వ్యాధి నియంత్రణకు జాతీయ కార్యక్రమము మొదలైనది. ఈ క్రిములు రాత్రి పొద్దుపోయిన తరువాత మాత్రమే నెత్తుటిలో సంచరించును. కావున ఆరోగ్య సిబ్బంది లాంతరు పట్టుకొని, ఊరు నిద్రించు వేళ గడపగడపకు పోయి, వ్రేలికొనను గ్రుచ్చి నెత్తుటిచుక్కను సేకరింపవలసి వచ్చెడిది. నిద్రాభంగమైనవాని కోపమును ఓర్చుకొనుటయు ఆ విద్యలో ఒక భాగమే. 2004నుండి ఏటేట అందరిచే మాత్రలను మ్రింగించు పద్ధతి వచ్చెను.

1986 ఆగస్టులో గోదావరికి మహా వరద వచ్చెను. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చెను. ఇట్టి ఉపద్రవముల తరువాత రెండవ శత్రువు వచ్చును. బావులు చెడును, వాంతులు విరేచనములు ప్రబలును. అప్పుడు బావిలో మందు కలుపుట, నీరు కాచి త్రాగుడని చెప్పుట, ఉప్పు పంచదార కలిసిన నీటిని బిడ్డకు చెంచాతో పట్టించుట, ఈ పనులకై బురదలో కాలినడకన తిరిగెడిది ఆరోగ్య సిబ్బందియే. తుపాను వార్తలు పత్రికలలో వచ్చును. తుపాను తరువాత రాని కలరా వార్త ఏ పత్రికలోను రాదు.

నర్సమ్మ ఘనత యంతయు ఈ 'రాని' వార్తలలోనే కలదు. మన దేశమున 1975 తరువాత మశూచి లేదు. 2011 జనవరి తరువాత సహజ పోలియో వైరసుచే కాలు పోగొట్టుకొన్న బిడ్డ కనబడలేదు. 2014 మార్చి 27న పోలియో రహితమని ధ్రువపత్రము వచ్చెను. టీకా మందు చెడకుండుటకు రెండునుండి ఎనిమిది డిగ్రీల చల్లదనము కావలెను. ఆ చల్లని పెట్టెను భుజమున వ్రేలాడదీసికొని ఎండలో పడవ ఎక్కినది నర్సమ్మయే. 1951 ప్రాంతమున దేశమున పుట్టిన వేయిమంది బిడ్డలలో సుమారు 146 మంది ఏడాది నిండకుండ మరణించుచుండిరి. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గెను.

ఇక పొత్తిళ్లను ఖాళీచేసిన ఆ ధనుర్వాతము సంగతి. గర్భిణులకు టీకాలు వేయుటవలనను, శుభ్రమైన కాన్పులవలనను అది క్రమముగా క్షీణించెను. దేశమున తల్లులను శిశువులను ఈ వ్యాధినుండి ముందుగా విముక్తులను చేసిన రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2003లోనే అది ఆ విజయమును సాధించెను. 2015లో దేశమంతయు ఆ గమ్యమును చేరినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. అంత గొప్ప విజయమునకు ఊరిలో డప్పు మ్రోగలేదు. తోరణములు కట్టలేదు. తల్లులు బిడ్డలకు పాలిచ్చుచు, మూడవనాడును నాలుగవనాడును నిశ్చింతగా గడిపిరి. అంతియే.

ఇట్టివారిని లోకము ఏల మరచెను? మొదటి కారణము వారి పని స్వభావమే. కట్టిన వంతెన కంటికి కనబడును. తప్పిన మరణము కనబడదు. రెండవది, ఆసుపత్రి చరిత్రలలో వైద్యుల పేర్లు, దాతల పేర్లు వ్రాయుదురు. రాత్రి మేలుకొన్నవారి పేర్లు జీతపు పట్టికలో మాత్రమే ఉండును. మూడవది ఇంకను బాధాకరము. వారు స్త్రీలు, పెక్కురు పేదవారు, చిన్నచూపునకు గురియైన కులములలో పుట్టినవారు. వారి చేతి సేవను పొందిన ఇండ్లే వారి పేరు అడుగలేదు.

నేడు ఆ స్థితి కొంత మారినది. 1973నుండి భారత ప్రభుత్వము ఉత్తమ నర్సులకు నైటింగేల్ పేర పురస్కారములిచ్చుచున్నది. నైటింగేల్ ద్విశత జయంతి సందర్భమున 2020వ సంవత్సరమును నర్సుల, మంత్రసానుల వత్సరముగా ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించెను. ఆ ఏటనే కోవిడ్ మహమ్మారి ప్రబలి, రోగి చెంతకు బంధువులు పోజాలని వేళ నర్సులు పోయిరి. వారిలో కొందరు ప్రాణములను అర్పించిరి.

అయినను పురస్కారములు కొందరికే అందును. మిగిలినవారి స్మృతిని కాపాడుట ప్రతి ఊరి ధర్మము. ప్రతి ఇంటను అమ్మమ్మయో నాయనమ్మయో ఉండును. ఆమె కాన్పు సమయమున ప్రక్కన నిలిచినదెవరని అడిగినచో, ఆమె కొంతసేపు ఆలోచించి ఒక పేరు చెప్పును. పూర్తి పేరు తోచకున్నను, ఏ ఊరినుండి వచ్చెడిదో, వానలో ఎట్లు వచ్చినదో చెప్పును. ఆ పేరును ఒక కాగితముపై వ్రాసి దాచిన బాలుడుగాని బాలికగాని చరిత్రలో లేని ఒక పుటను చేర్చినట్లే.

గన్నవరమున కాలువ నదిని దాటుచునే యున్నది. పొలములకు నీరు పోవుచునే యున్నది. సీతమ్మగారి పేరు పలుకని బాటసారి లేడు. ఆ దారినే ఒక నర్సమ్మ సంచి భుజమున వేసికొని నడచిపోవుచుండును. ఆమెను చూచి ఒక బాలుడు దారి తొలగి, ఆమె పేరేమని గౌరవముతో అడిగిన దినమున, ఆమెకు రావలసిన ఋణములో కొంతయైనను తీరును.

ప్రశ్నలు

1. గన్నవరపు అక్విడక్టు ఎందులకు నిర్మింపబడెను? దానితో సంబంధముగల ఇద్దరు మహనీయులు ఎవరు?
2. కాటన్ దొర అభిప్రాయమును నైటింగేల్ ఏల సమర్థించెను?
3. నవజాత శిశువులకు ధనుర్వాతము ఎట్లు సోకెడిది? అది ఎట్లు తొలగినది?
4. 1926వ సంవత్సరపు చట్టమువలన నర్సులకు కలిగిన మేలు ఏమి?
5. "కట్టిన వంతెన కంటికి కనబడును, తప్పిన మరణము కనబడదు." ఈ వాక్యమును సోదాహరణముగా వివరింపుడు.
6. మీ ఇంటి పెద్దలనడిగి, మీ ఊరిలో పనిచేసిన ఒక నర్సునుగాని మంత్రసానినిగాని గూర్చి పది వాక్యములు వ్రాయుడు.